నేను లెక్కపెట్టని ఆదివారం

కొన్నేళ్లుగా నేను ఒక చౌరస్తాను మోస్తున్నాను. వింటే మీకు నవ్వు రావచ్చు. మనిషి పగనో దుఃఖాన్నో మోస్తాడు గాని చౌరస్తాను ఎలా మోస్తాడు అనుకోవచ్చు. నేను మోస్తున్నాను. ఆరాధనలో మోకరిస్తే అదీ నాతో పాటు దిగుతుంది. భోజనానికి కూర్చుంటే నా పక్కనే కూర్చుంటుంది.

ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. మా సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పలేదు. దేవునికి చెప్పానా? చెప్పాననే అనుకునేవాణ్ని. తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా అని రోజూ అంటాను కదా, ఆ మూటలోనే దీన్నీ కట్టి పంపించాను. పేరు పెట్టి మాత్రం ఒక్కసారీ పలకలేదు. పేరు పెట్టని పాపం ఒప్పుకున్నట్టా? చిన్నప్పటి నుంచీ వాక్యం చదివినవాణ్ని, నాకు జవాబు తెలుసు. ఒప్పుకున్నట్టు కాదు.

మాది డోర్నకల్ దగ్గరి పల్లె. మా తాత కాలం నుంచి సంఘంలో ఉన్నాం. ఆదివారం మా ఇంట్లో ఎవరూ పొలానికి పోరు, బజారుకు పోరు, కూరగాయ కూడా కొనరు. శనివారమే అన్నీ తెచ్చి పెట్టుకునేవాళ్లం. ఆదివారమంటే నాకు ఉతికిన చొక్కా, పాటలు, మధ్యాహ్నం నిద్ర, ఊరంతా సద్దుమణిగినట్టుండే ఒక నిశ్శబ్దం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

నా పని చెప్తే గాని నా తప్పు అర్థం కాదు. రోడ్డు పక్కన ఎవరైనా పెద్ద కట్టడం కట్టాలంటే, దానివల్ల దగ్గరి చౌరస్తా మీద ఎంత భారం పడుతుందో తేల్చి నివేదిక ఇవ్వాలి. దానికి ముందు ఆ చౌరస్తాలో ఇప్పుడు ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో తెలియాలి. ఆ లెక్క మేం పెడతాం. ఒక్కో రోడ్డు దగ్గర ఒక్కో మనిషి కూర్చుంటాడు. ఎడమకు తిరిగేవి, నేరుగా పోయేవి, కుడికి తిరిగేవి వేరువేరుగా చూసి గీతలు గీస్తాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. తర్వాత అన్ని బండ్లనూ కార్లలోకి మారుస్తాం. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు మెల్లగా కదులుతుంది, చోటంతా ఆక్రమిస్తుంది, కాబట్టి అది కొన్ని కార్లతో సమానం. మోటారుసైకిలు ఒక కారుకు సరిపోదు. రోడ్డు దాటే మనుషులను మాత్రం కార్లలోకి మార్చం. వాళ్లకు వేరే కాయితం ఉంటుంది.

ఇట్లా చూసుకుంటూ పోతే రోజు మొత్తంలో అన్నిటికన్నా బరువైన గంట ఏదో తేలుతుంది. ఆ గంటను బట్టే అన్నీ నిర్ణయమవుతాయి. రోడ్డు వెడల్పు చేయాలా? ఆ కట్టడం గేటు మూలమీద పెట్టనివ్వాలా, వెనక సందులోకి జరపాలా? మనుషులు దాటడానికి చోటు విడవాలా?

మహబూబాబాద్ జిల్లాలో ఒక ఊరు. పేరు రాయను. అక్కడ చౌరస్తా మూలమీద ఒక టోకు వ్యాపారి పెద్ద ఫంక్షన్ హాలు, దాని ముందు వరుసగా షాపులు కట్టదలచాడు. లెక్క మా చేతికి వచ్చింది. మామూలు రోజు లెక్క గురువారం సక్రమంగానే అయ్యింది. మా సంఘంలోని చదువుకున్న పిల్లలనే తీసుకుపోయి కూర్చోబెట్టాను. శుక్రవారం మా సార్ వచ్చారు. ఆయనది జనగామ దిక్కు. పెద్ద ఇంజనీరు, మోకాళ్ల నొప్పితో కుంటుతూనే అన్ని చౌరస్తాలూ తిరిగేవారు. నన్ను పాస్టరూ అని పిలిచి ఆట పట్టించేవారు.

“పాస్టరూ, ఎల్లుండి ఈడనే ఉండాలె నువ్వు” అన్నారు చాయ్ తాగుతూ.

“ఎల్లుండి ఆదివారం సార్.”

“అందుకే చెప్తున్న. గీ ఊర్ల వారపు అంగడి ఆదివారమేనంట. చాయ్ పోసే అవ్వ చెప్పింది. అంగడి నాటి లెక్క లేకుంటె కడమ లెక్కంత ఉండి ఏం లాభం?”

“ఆదివారం నేను పని ముట్టను సార్. మీకెరికే గద.”

“మీ దేవుడు ఒక్కనాడన్న సెలవియ్యడానయ్యా? మా దేవుడు నయం. శనివారం ఒక కొబ్బరికాయ కొడ్తె మల్ల వారందాక నా జోలికి రాడు.”

నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండటంలో నాకు ఒక రకమైన సంతోషం ఉండేది. ఆ సంతోషం పేరు గర్వమని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన నా ముఖం చూసి తగ్గారు.

“సరె తీ. నువ్వు ప్రార్థనకు పో. మీ పోరగాళ్లు గూడ పోనీ. వేరేటోళ్లనన్న కూసోవెట్టు. లెక్కయితె ఆగొద్దు.”

“పెడ్త సార్” అన్నాను.

ఇంతవరకు నాది తప్పు కాదు. చూశారా, మీకు చెప్తూ కూడా నేను తప్పు ఎక్కడ మొదలైందో గీత గీసుకుంటున్నాను. నర్మెట్టలో నాకు తెలిసినతను ఉన్నాడు, ఇట్లాంటి పనులకు మనుషులను తెస్తాడు. అతనికి ఫోన్ చేశాను. వాళ్లింట్లో పెళ్లి, ఎవరూ రారన్నాడు. అప్పుడు సార్‌కు ఫోన్ చేయాల్సింది. ఎందుకు చేయలేదు? చేస్తే ఆయనే వచ్చి ఆ మోకాళ్లతో ఎండలో కూర్చునేవారు. అది నాకు తెలుసు. నా విశ్వాసం కోసం ఒక ముసలాయన ఎండలో కూర్చోవడం నాకు చిన్నతనమనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పడం ఇంకా కష్టం. ఆ ఆదివారం మా అయ్యగారు ఊళ్లో లేరు. మొట్టమొదటిసారి వాక్యం చెప్పే అవకాశం నాకు వచ్చింది. నా తలనిండా అదే ఉంది. ప్రభువు చూసుకుంటాడులే అనుకున్నాను. నా బద్ధకాన్ని ఆయన చేతిలో పెట్టి, దానికి నమ్మకమని పేరు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం నేనేం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. బాగా చెప్పావన్నారు, అది మాత్రం గుర్తుంది.

సోమవారం పొద్దున ఇంట్లో కూర్చొని ఆదివారం లెక్క తయారుచేశాను.

తయారుచేశాను. ఎంత శుభ్రంగా ఉందో ఆ మాట. గురువారం కాయితాలు ముందు పెట్టుకొని, ఇక్కడ కొంచెం తగ్గించి అక్కడ కొంచెం పెంచి గీతలు గీశాను. నలుగురు మనుషుల చేతిరాత ఒక్కలా ఉండదు కదా, అందుకని పెన్నులు మార్చాను. ఒక రోడ్డుది ఎడమచేత్తో గీశాను. ఒక కాయితాన్ని మడిచి కాసేపు జేబులో పెట్టుకొని నలిపాను, ఎండలో కూర్చున్న మనిషి చేతిలో ఉన్నట్టు కనబడాలని. ఇంత శ్రద్ధగా నేను నిజమైన లెక్క కూడా ఎన్నడూ పెట్టలేదు.

అంగడి నాడు చౌరస్తా ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నా జన్మలో ఆదివారం అంగడికి పోలేదు. నాకు తెలిసిన ఆదివారం నిశ్శబ్దమైనది. మధ్యాహ్నం నిద్రపోయేది. ఆ ఆదివారాన్నే తీసుకుపోయి ఆ ఊరి మీద పరిచాను. పొద్దున కొన్ని ఆటోలు వేశాను, నాలుగైదు ట్రాక్టర్లు వేశాను, మధ్యాహ్నం తర్వాత రోడ్డును పడుకోబెట్టాను. రోడ్డు దాటే మనుషుల కాయితం చివరికి మిగిలింది. అప్పటికి ఆకలవుతోంది. దాని మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

సార్ కాయితాలు చూసి ఆగారు.

“గింతేనా? అంగడి నాడు గింతేనా పాస్టరూ?”

“గింతే సార్.”

“మా దిక్కు అంగడి నాడు సైకిల్ నడిపియ్యొస్తదానయ్యా? కాలు వెట్ట సందుండది.”

“ఈడ పలచవడ్డది సార్. మంది వచ్చుడు తక్కువైందంట.”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూశారు. “ఇంకోడు చెప్తె నమ్మకపోదును. నువ్వు అబద్ధమాడవు. మీ దేవుడు ఊకోడు” అని సంతకం చేశారు.

ఆ సంతకం నా లెక్క మీద చేయలేదు. నా భక్తి మీద చేశారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ మాట తిరిగి ఇచ్చేయడానికి మనిషి లేడు.

ఇంతటితో ఆగినా ఒక రకం. ఆగలేదు. తర్వాతి నెల ఆరాధనలో, దేవుడు తమకు చేసింది ఒక్కొక్కరు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో, నేను లేచి నిలబడ్డాను. ప్రభువు దినాన పని చేయమని నా మీద ఒత్తిడి వచ్చింది, నేను లొంగలేదు, అయినా దేవుడు నా పనిని ఆటంకం లేకుండా జరిగించాడు అని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యం మా సంఘంలో ఆగలేదు. జఫర్‌గఢ్‌లో చెప్పమన్నారు. జనగామలో యువకుల కూటంలో చెప్పమన్నారు. చెప్పిన కొద్దీ అది నున్నబడింది. కొన్నాళ్లకు నేనే నమ్మాను. అప్పుడే నన్ను సంఘ పెద్దను చేశారు.

హాలు లేచింది. గేటు చౌరస్తా మూలమీదికే వచ్చింది. మనుషులు దాటడానికి ఏ చోటూ విడవలేదు. విడవనక్కరలేదని నా కాయితాలే చెప్పాయి కదా.

ఆ చౌరస్తాను ఆదివారం నాడు మొదటిసారి చూసింది ఒక పెళ్లికి పోయినప్పుడు. పెళ్లి ఆ హాల్లోనే. ఆరాధన కాగానే బయలుదేరాం. బస్సు దిగి నేను అక్కడే నిలబడిపోయాను. ట్రాలీల నిండా మేకలు. మనుషులు వేలాడుతున్న ఆటోలు. మిరపనారు కట్టలు, గొడ్డళ్లు, గొర్రు కర్రలు రోడ్డు మీదికే పరిచారు. వాటి మధ్య నుంచి గేటులోకి తిరగాలని హారన్ కొడుతున్న పెళ్లి కార్లు. గంపలు నెత్తిన పెట్టుకొని ఆ కార్ల ముందు నుంచే దాటుతున్న ఆడవాళ్లు. ఇంతమంది. నేను గీతల్లో పడుకోబెట్టిన మధ్యాహ్నం ఇదే.

నా భార్య చెయ్యి పట్టి లాగింది. లోపలికి పోయి పెళ్లి భోజనం చేశాను. రెండోసారి పెరుగు కూడా వేయించుకున్నాను. ఇంటికి వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మొదటి పాపానికి తొందరపాటు అని సాకు చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పుకోను?

ఇప్పుడు ఆమె గురించి రాయాలి. ఇక్కడికి వచ్చేసరికి లేచి నాలుగుసార్లు నీళ్లు తాగి వచ్చాను.

ఆమెను మార్తమ్మ అంటాను. అసలు పేరు కాదు. మా సంఘంలోనే ఉంటుంది, నాకన్నా పెద్దది, భర్త లేడు. ఎండుచేపలు అమ్మి బతికేది. ఆదివారం ఆరాధన కాగానే గంప ఎత్తుకొని రైలెక్కి ఆ ఊరి అంగడికే పోయేది. ప్రభువు దినాన వ్యాపారం ఏమిటని పెద్దలు గొణిగారు. మందలించమని నన్నే పంపారు. ఎందుకంటే ఆ విషయంలో నాకు సాక్ష్యం ఉంది కదా.

ఆమె చేపలు ఏరుతూ విన్నది. “తమ్మీ, అంగడి సోమారం వెడ్తె నేను సోమారమే పోదును. నన్నడిగి వెట్టిన్రా ఆదివారం?” అన్నది. దేవుడు చూస్తున్నాడక్కా, జాగ్రత్త అని చెప్పి వచ్చాను. ఆ మాట నేనే అన్నాను. ఈ నోటితోనే.

ఒక వానాకాలం ఆదివారం, ఆ గేటు ముందు ఆమెను కారు గుద్దింది. పెళ్లికి వచ్చిన కారు. రెండు ట్రాక్టర్ల మధ్య సందు దొరికిందని ఒక్కసారిగా కుడికి తిప్పాడు. అదే సందులోంచి ఆమె దాటుతోంది. వరంగల్ దవాఖానలో కాలులో రాడ్డు వేశారు. నేను పోయి ప్రార్థన చేశాను. పళ్లు తీసుకుపోయాను. గంప ఎత్తడం అంతటితో పోయింది. ఇప్పుడు కర్ర లేకుండా వాకిలి దాటలేదు.

నడవగలిగిన తర్వాత ఆమె ఆరాధనకు వచ్చింది. సాక్ష్యం చెప్తానన్నది. కర్ర మీద ఆనుకొని నిలబడి ఇట్లా అన్నది: “ప్రభువు దినాన యాపారం చేసిన. తమ్ముడు ముందుగాలనే చెప్పిండు, ఇనకపోతి. దేవుడు కాలు మీద కొట్టిండు. పానం ఉంచిండు. స్తోత్రం.”

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. ముందు వరుసలో కూర్చుంటాను కాబట్టి నా గొంతు గట్టిగానే వినబడింది.

ఆ రోజు నుంచి ఆమె ప్రభువు భోజనం, నెలకోసారి ఆరాధనలో పంచే రొట్టె, తీసుకోవడం మానేసింది. తాను తగనంటుంది. సంఘ పెద్దగా రొట్టె పళ్లెం పట్టుకొని వరుసల మధ్య నడిచేది నేను. ఆమె దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపుతుంది. నేను ముందుకు పోతాను. ప్రతి నెలా ఇదే. దేవుడు చేయని పనికి ఆమె దేవునికి భయపడుతోంది. నేను చేసిన పనికి ఆమె దోషిగా కూర్చుంటోంది. పళ్లెం మాత్రం నా చేతిలో ఉంది.

నేను నిజంగా లెక్కపెట్టించి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్నతో ఎన్ని గంటలు గడిపానో. గేటు జరిపేవారేమో. ఆ వ్యాపారి ఎట్లాగో మూలమీదే తెచ్చుకునేవాడేమో. నివేదిక ఎవరూ చదవకపోయేవారేమో. ఆ కారువాడు ఇంకో చోట ఇంకొకరిని గుద్దేవాడేమో. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారిని మూసింది నేనే. అందుకే ఈ ‘ఏమో’ల్లో ఒక్కదాని వెనకా దాక్కునే హక్కు నాకు లేదు. దాక్కున్నాను, అది వేరే సంగతి.

ఇప్పుడు నా పని భూపాలపల్లి దిక్కు. బొగ్గు లారీలు తిరిగే రోడ్లు. అక్కడ నేను ఒక్క క్షణం కూర్చోలేను. కూర్చున్నవాళ్ల వెనక తిరుగుతూ, గీత తప్పితే అరుస్తాను. ఏమైంది సార్ మీకు అంటారు. ఆరాధనలో తలుపు వైపు చూస్తాను, ఎడమకు ఎంతమంది తిరిగారు, కుడికి ఎంతమంది అని నా వేలు మోకాలి మీద గీతలు గీస్తుంటుంది. ఒక రాజు జనాన్ని లెక్కపెట్టించినందుకు దేవునికి కోపం వచ్చిందని చదివే అధ్యాయం ఒకటి ఉంది. అది వచ్చినప్పుడల్లా నేను నేల చూస్తాను. అతను లెక్కపెట్టి పాపం చేశాడు. నేను పెట్టక చేశాను.

పోయిన నెల మళ్లీ పళ్లెం పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చాను. ఆమె తల ఊపింది. ఎప్పటిలాగే. కాని ఈసారి నా కాళ్లు ముందుకు పోలేదు. వెనకనుంచి ఎవరో దగ్గారు. పోయాను. ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు.

ఈ మంగళవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయాను. చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమన్నది. నిలబడే చెప్పాను. లెక్క అంటే ఏమిటో, ఎవరినీ పెట్టకపోవడం, సోమవారం ఇంట్లో గీతలు గీయడం, గేటు మూలమీదికి రావడం, అన్నీ. మధ్యలో ఆమె చెయ్యి ఆగింది.

“అయితె నన్ను దేవుడు కొట్టలేదా?”

“లేదక్కా.”

“అంగడికి పోయినందుకు కాదా?”

“కాదక్కా.”

చేతిలోని గింజను గిన్నెలో వేసింది. తర్వాత అన్నది, “గిన్నేండ్లు ఏడ్సుకుంట మొక్కిన. ఏ ముఖం వెట్టుకొని తింటనని రొట్టె ముట్టలే. నువ్వు పల్లెం వట్టుకొని నా ముంగట్నుంచే పోతివి గద తమ్మీ.”

క్షమించమని అడగబోయాను. నోరు తెరవగానే ఆమెకు తెలిసిపోయింది. “అది అడుగకు. ఇప్పుడు అడుగకు” అన్నది. “నేను నలుగుర్ల నిలవడి చెప్పిన. నువ్వు గూడ నిలవడు” అన్నది. మళ్లీ చింతపండు దగ్గరికి తీసుకుంది. నేను ఇంకా అక్కడే ఉన్నానని కూడా చూడలేదు.

ఆ చౌరస్తా లెక్క అబద్ధమని, ఆదివారం నాడు మళ్లీ పెట్టించాలని కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. నా పని ఉంటుందో పోతుందో తెలియదు. నా భార్యకు చెప్పాను. ఆమె లోపలికి పోయింది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. రేపు సాక్ష్యాల సమయంలో లేస్తాను. నన్ను సంఘ పెద్దగా ఉంచరు. జనగామలో, జఫర్‌గఢ్‌లో నా మాట విని ఆదివారం కూలికి పోనివాళ్లున్నారు, వాళ్లు నన్నేమంటారో తెలియదు. దేవుడు క్షమిస్తాడని పుస్తకంలో చదివాను, నలుగురికీ బోధించాను కూడా. కాని మార్తమ్మ అడగొద్దన్నది. ఆమెను దాటుకొని ముందుగా ఆయన్ను అడగడానికి నాకు మనసు రావడం లేదు.

ఇంట్లో గోడ ముందు చెప్పి చూశాను, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. అందుకని ముందుగా మీకు చెప్తున్నాను. మీరు నన్నెరగరు.

ఆ ఆదివారం చౌరస్తాలో ఎవరూ కూర్చోలేదు. ఆ గీతలన్నీ నా చేతివి. మార్తమ్మను దేవుడు కొట్టలేదు.

చెప్పగలిగాను.